విరిగిన వాద్యానికి విలువ కట్టే ఊరు

జర్మనీ పటంలో సాక్సనీ రాష్ట్రపు నైరుతి మూలకు చూపు సారిస్తే, చెక్ దేశపు సరిహద్దుకు చేరువలో మార్క్‌నొయ్‌కిర్షెన్ అనే చిన్న పట్టణం కనిపిస్తుంది. చుట్టూ స్ప్రూస్ వృక్షాల అడవులు, వాటి నడుమ ఎత్తుపల్లాల పచ్చిక బయళ్ళు, ఏటవాలు కప్పుల ఇండ్లు. జనాభా పదివేలకు చేరదు. అయినా వాద్యాల చరిత్రలో ఈ ఊరికి ఉన్న స్థానం మహానగరాలకు సైతం లేదు. ఈ ప్రాంతానికి జర్మనులు పెట్టుకున్న పేరే ‘సంగీతపు మూల’. పొరుగున ఉన్న క్లింగెంటాల్ హార్మోనికాలకు, అకార్డియన్లకు ప్రసిద్ధి. సరిహద్దు కావల ఉన్న క్రస్లిత్సే ఇత్తడి వాద్యాలకు, లూబి వయొలిన్లకు పేరుపొందినవి. మార్క్‌నొయ్‌కిర్షెన్ మాత్రం దాదాపు అన్నింటినీ తయారుచేసింది: వయొలిన్, సెల్లో, గిటార్, సన్నాయి జాతి వాద్యాలు, కమాను, తంత్రి, చివరకు తంత్రిని బిగించే బిరడా కూడ.

ఈ ఊరి నుండి లోకానికి వెళ్ళిన తంత్రీ వాద్యాలలో భారీ అయినది డబుల్ బేస్. వయొలిన్ కుటుంబానికి అది తాతగారి వంటిది. మనిషిని మించిన ఎత్తు. వాదకుడు దానిని ఒడిలో పెట్టుకొనడు. ప్రక్కన నిలబడి, భుజం మీద చేయి వేసినట్లుగా పట్టుకొని వాయిస్తాడు. దాని అతి మంద్రమైన తంత్రి సెకనుకు సుమారు 41 సార్లు మాత్రమే కంపిస్తుంది. ఆ నాదం చెవికంటె ముందుగా ఛాతీకి తెలుస్తుంది. పాశ్చాత్య వాద్యబృందాలకు, జాజ్ సంగీతానికి అది పునాది. మద్రాసు స్టూడియోలలో రికార్డయిన పాత తెలుగు చలనచిత్ర గీతాలను శ్రద్ధగా వినేవారికి, తబలా క్రింద గుండె చప్పుడు వలె నడిచే మరొక నాదం తోస్తూ ఉంటుంది. చాల పాటలలో అది డబుల్ బేసుదే. విద్యుత్ గిటారు, సింథసైజరు వచ్చి దాని చోటును ఆక్రమించే వరకు మన శ్రోతలు పేరెరుగకుండనే దాని స్వరాన్ని విన్నారు.

నేడు ప్రపంచపు పెద్ద నగరాలలో ఎక్కడో ఒకచోట, పాఠశాల సామానుల గదిలోనో, చర్చి నేలమాళిగలోనో, పాత వస్తువుల దుకాణపు వెనుకభాగంలోనో, ఇటువంటి వాద్యమొకటి గోడకు చేరబడి ఉంటుంది. మెడ విరిగి ఉంటుంది; ముఖఫలకం మీద నెరియలు ఉంటాయి; ప్రక్క పలకలు ఊడి వేలాడుతూ ఉంటాయి. “జర్మనీలో చేసినది, నూరేళ్ళ నాటిది” అంటాడు అమ్మేవాడు. అడిగే ధర చూస్తే ఆశ పుడుతుంది. వాద్యాన్ని చూస్తే భయం పుడుతుంది. కొనవచ్చిన వాడు సాధారణంగా ధనికుడు కాడు. మంచి వాద్యం కొనే స్తోమత లేని యువ వాదకుడు. కొన్ని సంవత్సరాలుగా కూడబెట్టిన సొమ్ము అతని చేతిలో ఉంటుంది. నిర్ణయం సరియైనదైతే అతనికి జీవితకాలపు సహచరుడు దొరుకుతాడు. పొరపాటైతే సొమ్ము పోయి, అటకమీది కట్టెల మోపు మిగులుతుంది.

కొనవచ్చునా, కూడదా? ఈ ప్రశ్నకు సమాధానం కావాలంటే ఆ వాద్యం పుట్టిన ఊరును, పుట్టిన విధానాన్ని తెలుసుకొనవలసి ఉంటుంది.

శరణార్థులు తెచ్చిన విద్య

పదిహేడవ శతాబ్దంలో మధ్య ఐరోపాను మతయుద్ధాలు అతలాకుతలం చేశాయి. 1618 నుండి 1648 వరకు సాగిన ముప్పది సంవత్సరాల యుద్ధకాలంలోను, దాని తరువాతను, బొహీమియాలోని ప్రొటెస్టెంటులు మతం మార్చుకొనుటయా, దేశం విడుచుటయా అనే సంకటంలో పడ్డారు. గ్రాస్‌లిట్స్ పరిసరాలలోని వయొలిన్ శిల్పులు కొందరు రెండవ మార్గాన్నే ఎన్నుకొన్నారు. కొండ దాటి సాక్సనీలో ప్రవేశించారు. ఆ గ్రాస్‌లిట్సే నేటి క్రస్లిత్సే. 1677లో పండ్రెండుమంది శిల్పులు కలిసి మార్క్‌నొయ్‌కిర్షెన్‌లో వయొలిన్ తయారీదారుల శ్రేణిని స్థాపించుకొన్నారు. ఇల్లూ వాకిలీ విడిచి వచ్చిన వారి వెంట మిగిలినది చేతిలోని విద్య మాత్రమే. దానికి కావలసిన ముడిసరుకు ఎదుటి అడవిలోనే ఉన్నది.

ముఖఫలకానికి స్ప్రూస్, వీపుకు, ప్రక్కలకు, మెడకు మేపుల్. మూడు శతాబ్దాలు గడచినా ఈ సూత్రం మారలేదు. స్ప్రూస్ తేలికైనది, నిలువు పోగుల వెంట దృఢమైనది, అందుచేత నాదాన్ని త్వరగా అందుకొంటుంది. మేపుల్ బరువైనది, గట్టిది; అందుకొన్న నాదాన్ని నిలిపి వెనుకకు పంపుతుంది.

ఒక వాద్యం, పది ఇండ్లు

తొలినాళ్ళలో ఒక శిల్పి ఒక వాద్యాన్ని మొదటి నుండి చివర వరకు తానే చేసేవాడు. పందొమ్మిదవ శతాబ్దంలో గిరాకీ పెరిగేసరికి పద్ధతి మారింది. ఒక కుటుంబం మెడలు, చుట్టతలలు మాత్రమే చెక్కేది. మరొక కుటుంబం ముఖఫలకాలు, వీపులు తొలిచేది. వేరొకరు బిరడాలు, ఇంకొకరు బ్రిడ్జీలు, మరొకరు కమానులు. ఈ భాగాలన్నింటినీ కూర్చేది ఒక ఇల్లయితే, వార్నిష్ పూసేది మరొక ఇల్లు. అన్నీ ఇంటి పనులే. వంటగది ప్రక్కనే పనిబల్ల. వీరందరికీ, దూరదేశాల కొనుగోలుదారులకూ నడుమ వర్తకులు నిలిచారు. వారిని ‘ఫెర్లేగర్’లు అనేవారు. సరుకు సేకరించి, పెట్టెలలో కూర్చి, ఐరోపా అంతటికీ, సముద్రాల కావలికీ పంపినవారు వారే.

లాభం ఎవరికి చేరినదో చెప్పడానికి గణాంకాలు అక్కరలేదు. ఊరి వీధులు చూస్తే చాలును. శిల్పుల ఇండ్లు చిన్నవి. వర్తకుల మేడలు నేటికీ గంభీరంగా నిలిచి ఉన్నాయి. అటువంటి ఒక మేడలో 1988లో వాద్య నిర్మాణంలో ఉన్నత విద్య ఆరంభమైనది. శ్రమించిన వారి విద్యకు వర్తకుని భవనమే పాఠశాల కావడం కాలం చేసిన న్యాయమనవచ్చు.

అమెరికాతో సాగిన వ్యాపారం ఎంతటిదంటే, 1893లో ఈ చిన్న ఊరిలో అమెరికా ప్రభుత్వం తన కాన్సులర్ కార్యాలయాన్నే తెరచింది. అది 1916 వరకు పనిచేసింది. అంతకు చాల ముందే ఇచ్చటి మనిషి ఒకడు అమెరికా చేరి చరిత్రకెక్కాడు. 1796లో ఇక్కడ జన్మించిన క్రిస్టియన్ ఫ్రెడరిక్ మార్టిన్ 1833లో వలస వెళ్ళి, తన పేరిట గిటార్ల తయారీ సంస్థను స్థాపించాడు. మార్టిన్ గిటారు నేటికీ జగత్ప్రసిద్ధం.

చీటీ చెప్పనిది చెక్క చెబుతుంది

ఈ చరిత్ర కొనుగోలుదారునికి మొదటి పాఠం నేర్పుతుంది: పాత వాద్యం లోపల అంటించిన చీటీని చూసి ధర నిర్ణయించరాదు. పది ఇండ్ల చేతులు కలిసి చేసిన వాద్యానికి శిల్పి పేరు అంటూ లేదు. చీటీ మీద ఉన్నది తరచుగా వర్తకుని పేరు. లేదా వర్తకుడు గిరాకీ కోసం అంటించిన ఇటలీ మహాశిల్పి పేరు. ‘స్ట్రాడివేరియస్’ అనే చీటీ గల చౌక వాద్యాలు ఈ ప్రాంతం నుండి అసంఖ్యాకంగా వెలువడినాయి. వాటిని కొన్నవారిలో చాలమందికి అది నమూనాకు గుర్తే తప్ప కర్త సంతకం కాదని ఆనాడే తెలుసు. మనుమల కాలానికి ఆ తెలివిడి చెరిగిపోయి, చీటీ మాత్రం మిగిలింది.

చీటీలో పనికివచ్చే అంశం మరొకటున్నది: దేశం పేరు. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం ప్రకారం దిగుమతి సరుకుపై అది తయారైన దేశం పేరు ఉండవలసి వచ్చింది. కనుక ‘జర్మనీ’ అని ఆంగ్లంలో ముద్ర ఉన్న వాద్యం సాధారణంగా ఆ తరువాతిదే. ‘చెకోస్లొవేకియా’ అని ఉంటే 1918కి ముందుది కాజాలదు. ‘జర్మన్ డెమొక్రాటిక్ రిపబ్లిక్’ అని ఉంటే అది 1949కీ 1990కీ నడుమ, తూర్పు జర్మనీ అనే దేశం ఉన్న కాలానిది. మహాశిల్పి పేరు అబద్ధం చెప్పవచ్చును గాని, సుంకపు అధికారి కోసం కొట్టిన ముద్ర అంత తేలికగా అబద్ధమాడదు.

అంతకంటె నమ్మదగిన సాక్షి చెక్క. ముఖఫలకంలో నాదం వెలువడే రంధ్రాల అంచును దీపం పెట్టి పరిశీలించాలి. పైన కనిపించే పోగు గీతలు అంచు మందంలో నుండి లోపలికి ఎడతెగక సాగితే అది దళసరి చెక్కను చెక్కి చేసిన ఫలకం. పొరలు పొరలుగా కనిపిస్తే అది ప్లైవుడ్. ప్లైవుడ్ అంటే తీసివేయదగినదని కాదు. అమెరికాలో షికాగో నగరపు ‘కే’ సంస్థ వంటివి ఇరవయ్యవ శతాబ్దంలో చేసిన ప్లైవుడ్ బేసులు జాజ్ వాదకుల భుజాలమీద దేశమంతా తిరిగాయి. వానకూ ఎండకూ తట్టుకొన్నాయి. కాని రెండింటి విలువ వేరు, మరమ్మతు వేరు. చెక్కిన ఫలకపు ధర ఇచ్చి ప్లైవుడ్ కొనకూడదు.

దంతవైద్యుని అద్దం వంటి చిన్న అద్దాన్ని రంధ్రం గుండా లోనికి పంపితే మరికొన్ని సంగతులు తెలుస్తాయి. ఈ ప్రాంతపు చౌకరకం వాద్యాలలో మూలలకు బలమిచ్చే లోపలి దిమ్మెలు ఉండవు. మంద్ర తంత్రుల క్రింద ముఖఫలకాన్ని మోసే నిలువు బద్దను విడిగా చేసి అతికించక, ఫలకం తొలిచేటప్పుడే అందులో మిగిల్చివేసేవారు. సమయం ఆదా చేయడానికి చేసిన పని అది. అటువంటి వాద్యం పలకదని కాదు. కాని దానిని విప్పినప్పుడు ఆ బద్దను తొలగించి క్రొత్తది అమర్చవలసిన అవసరం తరచుగా కలుగుతుంది. ఆ ఖర్చును కొనే ముందే లెక్కించుకొనాలి.

గాయం ఎంతటిదని కాదు, ఎచ్చట అని

పగిలిన వాద్యాన్ని చూసి భయపడేవారు సాధారణంగా పొడవైన నెరియను చూసి భయపడతారు. అనుభవజ్ఞుడు దాని పొడవు చూడడు, చోటు చూస్తాడు. డబుల్ బేసు మీద నాలుగు తంత్రుల బిగువు కలిపి నూరు కిలోలకు మించి ఉంటుంది. ఆ బిగువులో ఒక భాగం బ్రిడ్జి కాళ్ళ గుండా ముఖఫలకాన్ని రేయింబవళ్ళు క్రిందికి నొక్కుతుంది. ఆ ఒత్తిడిని మోసేవి రెండు. ఒక కాలి క్రింద పైన చెప్పిన నిలువు బద్ద. రెండవ కాలికి కొంచెం వెనుకగా, ముఖానికీ వీపుకూ నడుమ నిలిపిన గుండ్రని చిన్న స్ప్రూస్ కర్ర. దానిని జర్మనులు ‘స్వరం’ అంటారు. ఫ్రెంచివారు ‘ఆత్మ’ అంటారు. జిగురు లేకుండా కేవలం ఒరపిడితో నిలిచే ఆ కర్ర అంగుళంలో కొద్దిపాటి జరిగినా వాద్యపు గొంతు మారిపోతుంది.

ముఖఫలకపు అంచులలో పోగుల వెంట సాగిన నెరియ చూపుకు ఘోరంగా ఉన్నా ప్రాణాపాయం కాదు. శుభ్రపరచి, అతికి, లోపలి నుండి చిన్న చెక్క ముక్కలతో బలపరచవచ్చును. నిలువు బద్ద వెంట సాగిన నెరియ అంతకంటె తీవ్రమైనది. ‘ఆత్మ’ నిలిచే చోట ఫలకం పగిలితే అది నిజంగా మర్మస్థానపు దెబ్బ. ముఖం మీద అయితే ఆ చోట కొంత చెక్క తొలిచి క్రొత్త చెక్కను అచ్చు గ్రుద్దినట్లు పొదగాలి. వీపు మీద అయితే ఇంకా కష్టం. ఎంత నేర్పుతో బాగుచేసినా వాద్యపు విలువ శాశ్వతంగా తగ్గుతుంది. మీదికి వెంట్రుక వంటి గీతగా కనిపించే ఈ గాయమే కొనుగోలుదారుని దివాలా తీయించగలది.

విరిగిన మెడ సంగతి ఇందుకు విపర్యయం. తల తెగిపడినట్లు కనిపించే వాద్యాన్ని చూసి అందరూ వెనుదిరుగుతారు. కాని మెడ అతుకు శుభ్రంగా ఊడి ఉంటే అది మామూలు మరమ్మతు. మెడ విరిగినా, క్రొత్త మేపుల్ మెడను చేసి పాత చుట్టతలను దానికి అంటుగట్టే విద్య శిల్పులకు తరతరాలుగా తెలిసినదే. ఇక్కడ అడుగవలసిన ప్రశ్న ఒకటే: ముక్కలన్నీ ఉన్నాయా? పోయిన ముక్కను క్రొత్తగా చేయవలసి వస్తే గంటలు పెరుగుతాయి. గంటలు పెరిగితే ఖర్చు పెరుగుతుంది.

తరువాత వాద్యాన్ని ప్రక్కనుండి చూడాలి. ముఖఫలకపు వంపు విల్లువలె నిండుగా ఉన్నదా, బ్రిడ్జి చోట కుంగిపోయిందా? కుంగిన ముఖాన్ని సరిదిద్దాలంటే ఫలకాన్ని పూర్తిగా విప్పవలసినదే. మేపుల్ భాగాలలో పురుగు తొలిచిన రంధ్రాలు, వాటి నుండి రాలే పిండి ఉన్నదేమో చూడాలి. పైకి సూది మొనంత రంధ్రం లోపల సొరంగమై ఉండవచ్చు. వ్రేలి కణుపుతో వాద్యమంతటినీ మెల్లగా తట్టుతూ పోవాలి. ఊడిన అతుకు చోట శబ్దం మారి, గిలగిలలాడుతుంది.

జిగురులోని వివేకం

ఈ శిల్పుల సంప్రదాయంలో అతి గొప్ప వివేకం వారి జిగురులో ఉన్నది. పశువుల తోలును ఉడికించి తీసిన జిగురుతో వారు వాద్యాన్ని కూర్చారు. అది గట్టిగా పట్టుతుంది. అయితే వేడికీ తేమకూ లొంగుతుంది. ముఖఫలకాన్ని ప్రక్క పలకలకు అతికేటప్పుడు దానిని కావాలనే పలుచగా వాడతారు. కారణం సులువైనదే. చెక్క వానాకాలంలో ఉబ్బుతుంది, పొడి వాతావరణంలో కుదించుకుపోతుంది. అప్పుడు ఏదో ఒకటి లొంగక తప్పదు. జిగురు లొంగితే అతుకు ఊడుతుంది. లొంగకపోతే చెక్క పగులుతుంది. ఊడిన అతుకును శిల్పి ఒక పూటలో మరల అతుకుతాడు. పగిలిన చెక్కకు నెలలు పట్టవచ్చు.

కనుక అతుకులు ఊడిన పాత బేసును చూసి జాలిపడనక్కరలేదు; దాని జిగురు తన ధర్మం నెరవేర్చింది. సముద్రతీర నగరాల తేమలోను, చలిదేశాల వేడిచేసిన గదులలోను ఇది సహజం. బల్లపరుపు వీపు గల బేసులలో ఈ బాధ మరింత ఎక్కువ. వీపు చెక్క అడ్డంగా కుదించుకుంటుంది. దానికి లోపల అడ్డంగా అతికిన బద్దలు మాత్రం పొడవు తగ్గవు. ఆ పెనుగులాటలో బద్ద ఊడటమో, వీపు పగలడమో జరుగుతుంది.

నిజంగా భయపడవలసినది పాత గాయాన్ని కాదు, పాత వైద్యాన్ని. మేకులు కొట్టిన మెడ, మరలు బిగించిన ప్రక్కపలక, నెరియలో పోసిన ఎపాక్సీ – ఇవి వాద్యానికి అసలు దెబ్బకంటె ఎక్కువ హాని చేస్తాయి. తోలు జిగురుతో చేసిన మరమ్మతును తరువాతి శిల్పి విప్పగలడు. ఎపాక్సీని విప్పబోతే చెక్కే ఊడివస్తుంది. ఎవరూ ముట్టుకొనని విరిగిన వాద్యం, తెలియనివాడు బాగుచేసిన వాద్యంకంటె మేలు. ముందు వచ్చేవాడు తన పనిని విప్పి సరిదిద్దుకొనే వీలు మిగిల్చిపోవడం ఈ వృత్తిలోని నీతి.

లెక్క

ఇప్పుడు లెక్కకు రావచ్చు. అదే తరగతికి చెందిన ఆరోగ్యమైన వాద్యం ధర 100 పాళ్ళనుకొందాం. మరమ్మతుకు 60 పాళ్ళు అవుతుందని శిల్పి చెప్పినాడనుకొందాం. క్రొత్త తంత్రులు, బ్రిడ్జి, లోపలి కర్ర, రవాణా కలిసి మరొక 15. మిగిలినది 25. విరిగిన వాద్యానికి అంతకంటె ఎక్కువ ఇవ్వడమంటే నష్టాన్ని కొనుక్కొనడమే. ఆ 25లో కూడ కొంత తగ్గించాలి. విప్పిన తరువాతనే బయటపడే దోషాలు ఉంటాయి, బాగుచేసిన వాద్యం ఎన్నడూ దెబ్బతినని దానితో సమానమైన ధర పలుకదు. అనేక సందర్భాలలో ఈ లెక్క సున్నాకు దిగుతుంది. అటువంటప్పుడు ఉచితంగా ఇచ్చినా అది ఖరీదైన వాద్యమే.

అందుచేత ధర మాట్లాడే ముందు శిల్పితో మాట్లాడాలి. పొడుగాటి మేడమెట్ల మీదుగా మోసుకుపోవలసి వచ్చినా సరే, వాద్యాన్ని అతనికి చూపాలి. వీలుకాకపోతే అతనినే పిలుచుకొనిపోయి, ఆ రాకకు ప్రతిఫలమివ్వాలి. ఆ చిన్న ఖర్చు పెద్ద నష్టానికి అడ్డుకట్ట. దగ్గరలో అటువంటి శిల్పి లేని ఊరిలో ఉన్నవాడు, ఎంత చౌక అయినా, విరిగిన బేసును కొనకపోవడమే ఉత్తమం.

కొనదగిన వాద్యానికి లక్షణాలు కొన్ని ఉన్నాయి. చెక్కిన ఫలకాలు; నిండైన వంపు; క్షేమంగా ఉన్న వీపు; ముక్కలన్నీ దగ్గరనే ఉండటం; ఎపాక్సీ, మేకులు సోకకపోవడం. ఇవి ఉంటే మెడ తెగిపడినా, అతుకులు ఊడినా, వార్నిష్ చెదరినా వెనుకాడనక్కరలేదు. వీపు మీద ‘ఆత్మ’ చోట పగులు, కుంగిన ముఖం, పురుగు తొలిచిన మేపుల్ – ఇవి రెండు కలిసి కనిపిస్తే చీటీమీద ఎవరి పేరున్నా నమస్కరించి వచ్చేయాలి.

ఊరు నేర్పే విలువ

మార్క్‌నొయ్‌కిర్షెన్ 1883లోనే తన వాద్యాలకు ఒక సంగ్రహాలయాన్ని ఏర్పరచుకొన్నది. అందులో ప్రపంచపు నలుమూలల నుండి తెచ్చిన వాద్యాలు వేలకొలదిగా ఉన్నాయి. 2010లో ఈ ప్రాంతపు శిల్పులు 4.27 మీటర్ల ఎత్తుగల మహా వయొలిన్‌ను నిర్మించి తమ చేతి సత్తా చాటారు. ఫోగ్ట్‌లాండ్ వాద్య నిర్మాణ విద్యను 2014లో జర్మనీ తన అమూర్త సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేర్చుకొన్నది. ప్రపంచయుద్ధాలు, దేశవిభజన, సొంత వృత్తులను ప్రభుత్వపరం చేసిన కాలం, తిరిగి ఏకీకరణ – ఇన్నింటిని దాటి పనిబల్లలు నేటికీ పూర్తిగా మూతపడలేదు.

ఈ ఊరు పంపిన వేలాది బేసుల మీద వాటిని చేసినవారి పేర్లు లేవు. మెడ చెక్కినవాడెవరో, వీపు తొలిచినదెవరో తెలుసుకొనే మార్గం లేదు. కాని మంచి మేపుల్‌ను ఎన్నుకొన్న కన్ను, ఫలకపు మందాన్ని వ్రేళ్ళతో కొలిచిన చేయి వాద్యంలోనే నిలిచి ఉన్నాయి. దీపమూ అద్దమూ చేతబట్టి, తొందరపడక, మోకాళ్ళమీద కూర్చొని చూడగలిగినవానికి అవి కనిపిస్తాయి. కనిపించిననాడు కొనవచ్చును, కనిపించని నాడు సొమ్ము దాచుకొని, మరొక వాద్యం కోసం వేచి ఉండవచ్చును. నూరేళ్ళు ఓర్చిన వస్తువు విషయంలో నాలుగు రోజులు ఆలోచించడం ఆలస్యమనిపించుకోదు.